అరిగిపోయిన శాసనాన్ని, శిల్పాన్ని డిజిటల్ ఫొటోలతో చదవడం ఎలా?

మిట్టమధ్యాహ్నం ఒక పాత శాసనం ముందు నిలబడితే చాలాసార్లు ఖాళీ బండే కనిపిస్తుంది. అదే రాయి దగ్గరికి పొద్దు వాలే వేళ వెళ్ళండి. వరసలు వరసలుగా అక్షరాలు పైకి తేలుతాయి. రాయి మారలేదు, వెలుగు వచ్చే దిక్కు మారింది. కాగితం మీది అక్షరానికి రంగు ఉంటుంది. రాతి మీది అక్షరానికి ఉన్నది లోతు ఒక్కటే, ఆ లోతు కంటికి ఆనాలంటే నీడ పడాలి. అందుకే ఈ పని కెమెరాతో చేసేదే అయినా, అసలు నేర్చుకోవలసింది వెలుగును ఎక్కడ పెట్టాలన్నదే.

దీనికి లేజర్ స్కానర్ తప్పనిసరి కాదు. సెట్టింగులు మన చేత్తో మార్చుకోగల కెమెరా, కదలని స్టాండు, విడిగా పట్టుకోగల ఫ్లాష్ లేదా గట్టి టార్చి, మామూలు కంప్యూటరు ఉంటే మొదలుపెట్టవచ్చు. కావలసిన సాఫ్ట్‌వేర్‌లో ఎక్కువ భాగం ఉచితంగానే దొరుకుతుంది.

మొదట రాయిని చూడండి

కెమెరా సంచిలోనే ఉంచి, ఒక పావుగంట రాయిని ఊరికే చూడండి. ఎక్కడ పెచ్చులూడాయి, పగులు ఎటు నుంచి ఎటు పోతోంది, నాచు ఎక్కడ పట్టింది, ఎక్కడ సిమెంటు పూశారు, ఇవన్నీ కాగితం మీద ఒక చిన్న బొమ్మ గీసి గుర్తుపెట్టుకోండి. తర్వాత తెర మీద ఒక అనుమానపు గీత కనిపించినప్పుడు ఈ బొమ్మే దిక్కు.

అక్షరాలు బాగా కనబడాలని సుద్దముక్కతో రుద్దడం, పిండి పూయడం, నీళ్ళు చల్లడం, నూనె రాయడం పాత అలవాటు. ఏదీ చేయకండి. రాతికి హాని అన్నది ఒక కారణం. రెండోది ఇంకా ముఖ్యం: సుద్ద పెట్టే చెయ్యి అప్పటికే ఒక పాఠాన్ని ఊహించేసుకుని ఉంటుంది. గాడి ఉందనుకున్నచోట సుద్ద రాస్తారు, లేదనుకున్నచోట వదిలేస్తారు. తర్వాత వచ్చినవాళ్ళు చదివేది రాయిని కాదు, ఆ సుద్ద రాసిన మనిషి ఊహను. పాత సుద్ద గుర్తులున్న రాయి ఎదురైతే వాటిని మీరు తుడవకండి. ఫొటోలో పడనివ్వండి, నోట్సులో రాయండి. రాయిని చూసుకునే శాఖ లేదా సంస్థ నుంచి అనుమతి ముందే తీసుకోండి. మామూలు ఫొటోకు అభ్యంతరం లేనిచోట కూడా స్టాండుకు, ఫ్లాష్‌కు వేరే అనుమతి కావలసి రావచ్చు.

నకలు తీయడం ఎందుకంత ముఖ్యమో మేషా శాసనం కథ చెబుతుంది. నేటి జోర్డాన్‌లోని ధిబాన్ దగ్గర 1868లో మోయాబు అనే ప్రాచీన రాజ్యపు రాజు మేషా చెక్కించిన ఈ నల్లరాతి శాసనం బయటి ప్రపంచానికి తెలిసింది. మరుసటి ఏడాది దాని మీద తడి కాగితం అద్ది అచ్చు తీస్తుండగా గొడవ జరిగి, ఆ కాగితాన్ని ఆరకముందే ముక్కలుగా లాక్కుని పారిపోవలసి వచ్చింది. కొద్దికాలానికే రాయిని పగలగొట్టేశారు. ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో నిలబెట్టిన రాతిలో, ముక్కలు దొరకని భాగాలను పూరించింది ఆ నలిగిన కాగితం సాయంతోనే. అచ్చు తీసినవాళ్ళు ఆ పూట ఆలస్యం చేసి ఉంటే అంతే సంగతులు. ఈ రాయి సంగతి మళ్ళీ వస్తుంది.

ఒక్క టార్చితో మొదలుపెట్టండి

ఏటవాలు వెలుగు అన్నిటికన్నా పాత పద్ధతి, ఇప్పటికీ అన్నిటికన్నా త్వరగా ఫలితమిచ్చే పద్ధతి. కెమెరాను స్టాండు మీద రాతికి సరిగ్గా ఎదురుగా, లెన్సు రాతి ముఖానికి నిటారుగా ఉండేలా బిగించండి. ఐఎస్‌ఓ 100, ఎపర్చర్ (లెన్సు రంధ్రం) ఎఫ్ 8, వైట్ బ్యాలెన్స్ ఏదో ఒకదానికి స్థిరం, ఫోకస్ ఒకసారి పెట్టి ఆటో తీసేయండి. ఫైళ్ళు రా (RAW, కెమెరా పట్టినదాన్ని ఏ మార్పూ చేయకుండా దాచే) ఫార్మాట్‌లో రావాలి. ఫ్రేములో ఒక మూల స్కేలు, ఒక మూల రంగుల కార్డు ఉండాలి. అవి అక్షరాల మీద పడకూడదు.

ఇప్పుడు టార్చిని రాతి ముఖానికి దాదాపు ఆనించినట్టుగా, పది పదిహేను డిగ్రీల కోణంలో పట్టుకోండి. గడియారం ముఖాన్ని ఊహించుకుని, పన్నెండు గంటల వైపు నుంచి ఒక ఫొటో, ఒంటిగంట వైపు నుంచి ఒకటి, ఇలా చుట్టూ పన్నెండు తీయండి. ఫైలు పేరులో ఆ గంటను చేర్చండి. వెలుగు ఎటు నుంచి వచ్చిందో తెలియని ఏటవాలు ఫొటో, ఎంత అందంగా ఉన్నా, సాక్ష్యంగా పనికిరాదు.

పన్నెండెందుకు? వెలుగు వచ్చే దిక్కుతో సమాంతరంగా ఉన్న గాడిలో నీడ పడదు. అడ్డగీతలు బాగా కనిపించే వెలుగులో, అదే వరసలోని నిలువుగీతలు మాయమవుతాయి. ఒక్క ఫొటో నమ్ముకుని చదివినవాళ్ళు సగం అక్షరమే చదివినట్టు.

ఇంకో మోసం కూడా ఉంది. వెలుగు పైనుంచే వస్తుందని మన కన్ను నమ్ముతుంది. అందుకే కింద నుంచి వెలుగు వేసిన ఫొటోలో చెక్కిన గాడి ఉబ్బెత్తుగా, ఉబ్బిన బొమ్మ గుంటగా కనిపిస్తుంది. అలా అనిపిస్తే ఫొటోను తెర మీద తలకిందులు చేసి చూడండి, సర్దుకుంటుంది. ఇతరులకు చూపేటప్పుడు ఎడమ పైమూల నుంచి వెలుగు పడిన ఫొటో ఎంచుకుంటే ఈ ఇబ్బంది ఉండదు.

పగటిపూటే పని చేయాల్సి వస్తే, రాతికి నల్లటి గుడ్డ అడ్డం పెట్టి నీడ చేయండి. కాస్త దూరంలో ఎండలో నిలబడిన మనిషి చేతికి అద్దం ఇచ్చి, ఆ కాంతిని పక్కనుంచి రాతి మీదికి మళ్ళించండి. చాలా టార్చిల కన్నా అద్దం వెలుగే పదునుగా ఉంటుంది.

ఫోన్‌తో తీయవచ్చా అంటే, గుర్తు కోసం తీయవచ్చు. చదవడానికి మాత్రం జాగ్రత్త. చాలా ఫోన్లు తమంతట తామే ఫొటోను పదును చేస్తాయి, గరుకుదనాన్ని నునుపు చేస్తాయి, లేని అంచును పుట్టిస్తాయి. ముఖం ఫొటోకు అది మేలేమో కానీ అక్షరానికి ప్రమాదం. ఫోన్ తప్ప గతిలేకపోతే రా ఫార్మాట్ ఇచ్చే యాప్ వాడండి.

ఆర్‌టీఐ: వెలుగును తర్వాత తిప్పుకోవడం

ఆర్‌టీఐ అనగానే మనకు సమాచార హక్కు గుర్తొస్తుంది. ఇది అది కాదు, రిఫ్లెక్టెన్స్ ట్రాన్స్‌ఫర్మేషన్ ఇమేజింగ్. కెమెరా కదలకుండా, వెలుగును మాత్రం అనేక చోట్ల నుంచి వేసి వరసగా ఫొటోలు తీస్తాం. ప్రతి పిక్సెల్ ఏ దిక్కు వెలుగుకు ఎంత మెరిసిందో కంప్యూటరు లెక్కగట్టి ఒకే ఫైలు చేస్తుంది. ఆ ఫైలు తెరిచి, మౌస్‌తో వెలుగును మనకిష్టమైన వైపు తిప్పుతూ రాయిని చూడవచ్చు. 2001లో హెచ్‌పీ ప్రయోగశాలలో టామ్ మాల్జ్‌బెండర్, ఆయన సహచరులు ప్రకటించిన పద్ధతి దీనికి మూలం. నాలుగేళ్ళ తర్వాత ఆ బృందమే ఏథెన్స్ వెళ్ళి, సముద్రం అడుగున దొరికిన ప్రాచీన గ్రీకు యంత్రం ఆంటికిథెరా ముక్కలను ఇలా ఫొటోలు తీసింది. ఆ ఫొటోలు, అప్పుడే తీసిన ఎక్స్‌రే సీటీ చిత్రాలు కలిపి చూస్తే, అంతకుముందు చదవగలిగిన అక్షరాలకు రెట్టింపు కన్నా ఎక్కువే బయటపడ్డాయి.

చేసే విధానం చెబుతాను, నెమ్మదిగా చదవండి. తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి.

ముందు ఫ్రేము. ఒకేసారి పెద్ద రాయి మొత్తం తీయాలనుకోకండి. రెండు మూడు పంక్తుల చొప్పున భాగాలు చేసుకోండి. ఫ్రేము అంచున, రాతికి తగలకుండా, రాతి ముఖం ఎత్తులోనే, రెండు నల్లటి నున్నటి గోళాలను చిన్న స్టాండ్లపై నిలపండి. ప్రతి ఫొటోలోనూ ఆ గోళం మీద ఒక మెరుపు చుక్క పడుతుంది. ఆ చుక్క ఎక్కడ పడిందన్నది బట్టే వెలుగు ఎక్కడి నుంచి వచ్చిందో సాఫ్ట్‌వేర్ కనిపెడుతుంది. కాబట్టి గోళం మీద గీతలు, దుమ్ము, వేలిముద్రలు ఉండకూడదు. ఫొటోలో గోళం అడ్డంగా కనీసం 250 పిక్సెళ్ళు రావాలి. ఒక పిక్సెల్‌కు రాతి మీద 0.12 మి.మీ. పడుతుంటే, 3 సెం.మీ. గోళం సరిపోతుందన్నమాట.

తర్వాత దారం. ఫ్రేములోకి వచ్చే భాగం ఐమూలగా ఎంత పొడవుందో కొలిచి, దానికి సుమారు మూడు రెట్లు దారం కత్తిరించండి. ఐమూల 40 సెం.మీ. అయితే దారం 1.2 మీటర్లు. ఒక కొస ఫ్లాష్‌కు కట్టి, రెండో కొసను రాతి మధ్యభాగం దగ్గరికి తెచ్చి దూరం సరిచూసుకుని, దారం ఫ్రేములోంచి తప్పించాక ఫొటో తీయాలి. ఇలా చేస్తే అన్ని ఫొటోల్లోనూ వెలుగు ఒకే దూరం నుంచి, ఒకే బలంతో పడుతుంది. ఇద్దరు ఉంటే ఈ పని హాయిగా సాగుతుంది. ఒకరు ఫ్లాష్, ఒకరు దారం, కెమెరా రిమోట్.

పన్నెండు దిక్కులు, ఒక్కో దిక్కులో నాలుగు ఎత్తులు అనుకోండి: 15, 30, 45, 60 డిగ్రీలు. మొత్తం 48 ఫొటోలు. గొడుగు ఊచల్లాగా ఒక దిక్కు పూర్తి చేసి ఇంకో దిక్కుకు జరగండి. ఎక్కడో నేల అడ్డొచ్చి రెండు మూడు స్థానాలు పోతే కంగారు పడకండి. కానీ ఒక పక్క మొత్తం ఖాళీగా వదిలేస్తే ఫలితం ఒంటికన్నుతో చూసినట్టుంటుంది.

మొదలుపెట్టేముందు ఫ్లాష్ ఆపి, అదే సెట్టింగులతో ఒక ఫొటో తీసి చూడండి. దాదాపు నల్లగా రావాలి. బొమ్మ కనిపిస్తోందంటే చుట్టుపక్కల వెలుగు ఎక్కువైందని అర్థం. షట్టర్ వేగం ఫ్లాష్ ఒప్పుకున్నంత పెంచండి, ఎపర్చర్ కాస్త మూయండి, అప్పటికీ కుదరకపోతే చీకటి పడేదాకా ఆగండి.

ఒక వరస మధ్యలో కెమెరా వెంట్రుకవాసి కదిలినా ఆ వరస పోయినట్టే. నేనొకసారి నలభైకి పైగా ఫొటోలు తీశాక ఇంటికొచ్చి చూస్తే, ఆటోఫోకస్ తీసేయడం మరిచిపోయాను. ప్రతి ఫొటోలోనూ ఫోకస్ కొద్దికొద్దిగా జరిగి, కలిపిన ఫైలులో అక్షరాల అంచులన్నీ మసకబారాయి. ఆ రాయి దగ్గరికి మళ్ళీ వెళ్ళడానికి నాకు చాలాకాలం పట్టింది. అప్పటి నుంచి ఫోకస్ పెట్టాక లెన్సు రింగును టేపుతో అంటించేస్తున్నాను. మొదటి ఫొటో, చివరి ఫొటో ఒకదాని మీద ఒకటి తెర మీద అక్కడికక్కడే మార్చి చూసుకోండి. ఏమాత్రం కదిలినట్టనిపించినా అక్కడే మళ్ళీ తీయండి.

ఫైలు తయారుచేయడానికి ఆర్‌టీఐబిల్డర్ గానీ, ఇటలీ జాతీయ పరిశోధనా మండలివారి రీలైట్ గానీ వాడవచ్చు. చూడటానికి ఆర్‌టీఐవ్యూయర్ ఉంది. అందులో స్పెక్యులర్ ఎన్‌హాన్స్‌మెంట్ అన్న మోడ్ నాకు అన్నిటికన్నా ఇష్టం. అది రాతి రంగును తీసేసి, రాయంతా మెరిసే లోహంతో చేసినట్టు చూపిస్తుంది. మరకలు, నాచు రంగు కన్నును తప్పుదోవ పట్టించే రాళ్ళ మీద తేడా ఒక్క క్షణంలో తెలుస్తుంది. ప్రతి బిందువు ఎటు వాలిందో రంగుల్లో చూపే నార్మల్స్ మోడ్ కూడా చూడండి. గాడి రెండు పక్కలు రెండు రంగుల్లో వస్తాయి.

ఆర్‌టీఐ చేయలేనిదీ ఉంది. ఇది ఒకే చోట నిలబడి చూసిన చూపు. గాడి ఎన్ని మిల్లీమీటర్ల లోతుందో చెప్పదు. గుండ్రటి స్తంభం చుట్టూ తిరిగిన శాసనానికి, నాలుగు వైపులా చెక్కిన విగ్రహానికి సరిపోదు. అక్కడ కావలసింది ఫొటోగ్రామెట్రీ.

ఫొటోగ్రామెట్రీ: ఈసారి నీడలు వద్దు

ఇక్కడ అంతా తలకిందులు. ఆర్‌టీఐలో కెమెరా నిలిచి వెలుగు తిరిగింది. ఇందులో వెలుగు నిలిచి కెమెరా తిరుగుతుంది. నీడలు లేని మెత్తటి వెలుగు కావాలి, మబ్బు పట్టిన రోజు మంచిది. ఒకే చోటును వేర్వేరు స్థానాల నుంచి చూసిన ఫొటోల్లో ఉమ్మడి బిందువులను కలిపి కంప్యూటరు త్రీడీ రూపం కడుతుంది.

ఎంత దగ్గర నుంచి తీయాలన్నది లెక్క వేసుకోండి. 36 మి.మీ. వెడల్పు సెన్సార్ మీద 6000 పిక్సెళ్ళుంటే ఒక్కో పిక్సెల్ 0.006 మి.మీ. దాన్ని రాతికున్న దూరంతో గుణించి లెన్సు ఫోకల్ లెంగ్త్‌తో భాగించాలి. 50 మి.మీ. లెన్సుతో మీటరు దూరం నుంచి తీస్తే 0.12 మి.మీ. వస్తుంది. 2 మి.మీ. వెడల్పున్న గాడికి పదహారు పిక్సెళ్ళు దక్కుతాయి, ఫరవాలేదు. కానీ అరిగి అర మిల్లీమీటరు గీతగా మిగిలినచోట నాలుగే పిక్సెళ్ళు, అవి చాలవు. అర మీటరుకు దగ్గర పడితే కొలత సగమవుతుంది, ఫొటోల సంఖ్య నాలుగింతలవుతుంది. అందుకే రాయంతా ఒక దూరం నుంచి తీసి, అనుమానపు పంక్తులను మాత్రం మళ్ళీ దగ్గర నుంచి తీయడం నా పద్ధతి.

రాతికి సమాంతరంగా పక్కకు జరుగుతూ, ప్రతి ఫొటోలో ముందు ఫొటోలోని ముప్పావు వంతు మళ్ళీ వచ్చేలా తీయండి. వరస అయ్యాక కిందికి దిగి మరో వరస, పై వరసతో సగానికి మించి కలిసేలా. తర్వాత కెమెరాను కాస్త ఏటవాలుగా పట్టి నాలుగు వైపుల నుంచీ కొన్ని, కెమెరాను నిలువుగా తిప్పి కొన్ని. ఈ చివరివి లెన్సు వంకరలను సాఫ్ట్‌వేర్ సరిగ్గా లెక్కగట్టడానికి పనికొస్తాయి. ఇవి లేకపోతే చదునైన రాయి పళ్ళెంలా వంగి వస్తుంది. జూమ్ మార్చకూడదు. రాతి పక్కన కనీసం మూడు స్కేళ్ళు పెట్టండి. రెండింటితో కొలత ఇచ్చి, మూడోదాన్ని పరీక్షకు వదిలేయండి. సాఫ్ట్‌వేర్ దాని పొడవు సరిగ్గా చెబితే మీ నమూనాను నమ్మవచ్చు.

ఇలా త్రీడీ రూపం కట్టే సాఫ్ట్‌వేర్లలో మెటాషేప్ డబ్బిచ్చి కొనేది, మెష్‌రూమ్, కోల్‌మ్యాప్ ఉచితం. ఏది వాడినా, నమూనా రాగానే దాని రంగు తీసేసి చూడండి. త్రీడీ రూపం మీద అతికించిన రంగు ఫొటో చాలామందిని మోసం చేస్తుంది. అక్షరం స్పష్టంగా ఉందనిపిస్తుంది, కానీ ఆ స్పష్టత ఫొటోది, కింద రూపం ముద్దలా ఉంటుంది. రంగు తీసిన బూడిదరంగు నమూనాలో కూడా గాడి కనిపిస్తేనే లోతు నిజంగా నమోదైనట్టు. రంధ్రాలను పూడ్చే ఆప్షన్ ఆపేయండి. పూడ్చినచోట ఉన్నది రాయి కాదు, సాఫ్ట్‌వేర్ ఊహ.

లోతును బయటికి లాగడం

క్లౌడ్‌కంపేర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రాతి ముఖానికి ఒక సమతలాన్ని అమర్చి, ప్రతి బిందువు దానికి ఎంత లోపల, ఎంత బయట ఉందో రంగుల్లో చూడవచ్చు. స్తంభమైతే దాన్ని చాపలా విప్పి పరిచే సదుపాయమూ అందులోనే ఉంది. కానీ రాయి ముఖం ఎప్పుడూ పూర్తిగా చదునుగా ఉండదు. రాతి పెద్ద వంపులు రంగులన్నీ మింగేసి, అక్షరాల చిన్న లోతులకు ఏమీ మిగల్చవు. దీనికి మందు, పెద్ద వంపును తీసేసి చిన్న తేడాలనే మిగల్చడం. ఐబీరియా ద్వీపకల్పంలోని రోమన్ శాసనాల మీద ఇలాంటి పద్ధతినే వాడి చెరిగిన పంక్తులు చదివారు. బంకమట్టి పలకల మీది క్యూనిఫాం అనే మేకుల ఆకారపు పాత లిపి కోసం జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో తయారైన గిగామెష్ ఇంకో దారి పట్టింది. నమూనాలోని ప్రతి బిందువు దగ్గర ఒక చిన్న గోళాన్ని ఊహించి, అందులో ఎంత భాగం రాతి లోపల ఉందో లెక్కిస్తుంది. గాడిలో ఆ భాగం ఎక్కువ, అంచు మీద తక్కువ. గోళం సైజు మీ అక్షరపు గాడి వెడల్పుకు దగ్గరగా ఉంచితే ఫలితం బాగుంటుంది.

మెష్‌ల్యాబ్ అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రేడియన్స్ స్కేలింగ్ అనే చూపు కూడా ఉంది. ఒక్క బటన్ పని, త్వరగా చూడటానికి చాలు.

వీటన్నిటిలో ఒక ప్రలోభం ఉంది. స్లైడర్ ఇంకాస్త జరిపితే ఇంకో గీత కనిపిస్తుంది. ఇంకాస్త జరిపితే మనకు కావలసిన అక్షరమే కనిపిస్తుంది. అందుకని ఏ చిత్రం దాచినా, ఏ సెట్టింగుతో వచ్చిందో దాని పక్కనే రాయండి.

రాతి మీద పాత రంగు జాడలుంటే డీస్ట్రెచ్ ప్రయత్నించండి. జాన్ హార్మన్ రాతి చిత్రాల కోసం తయారుచేసిన ఈ సాధనం, కంటికి ఒకేలా కనిపించే రంగుల మధ్య తేడాను బాగా పెంచుతుంది. గాడి పూర్తిగా అరిగినా అందులో నింపిన ఎరుపు అక్కడక్కడా మిగిలి ఉంటే బయటపడవచ్చు. లోతు గురించి మాత్రం అది ఏమీ చెప్పదు.

ఇప్పుడు చదవడం

చిత్రం సిద్ధమైందంటే పాఠం సిద్ధమైనట్టు కాదు. ఒక గీతను అక్షరంలో భాగంగా ఒప్పుకునే ముందు నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. మూడు వేర్వేరు దిక్కుల వెలుగులో కనిపించిందా? అడ్డంగా కోసి చూస్తే ఉలి గాడిలా రెండు వాలులు, ఒక అడుగు ఉన్నాయా, లేక పగులులా సన్నగా, లోతుగా, అక్షరం దాటి సాగిపోతోందా? దాని వెడల్పు, లోతు అదే పంక్తిలోని ఖాయమైన అక్షరాలతో సరిపోతోందా? త్రీడీ నమూనా ఉంటే రెండోది, మూడోది నిమిషాల్లో తేలతాయి.

ఇంత పట్టింపు ఎందుకంటే, అశోకుని బ్రాహ్మీలో ‘క’ ఒక కూడిక గుర్తులా ఉంటుంది. పైన కుడివైపు చిన్న గీత చేరిస్తే ‘కా’, ఎడమవైపు చేరిస్తే ‘కే’, రెండు వైపులా చేరిస్తే ‘కో’. ఆ చోట రాయి పెచ్చూడిందనుకోండి, మాట విభక్తే మారిపోవచ్చు. పక్కన చిన్న గుంట ఉంటే అది సున్నా అవుతుంది. శాసనం తేదీ, దానం ఇచ్చినవారి పేరు, ఒక రాజ్యం సరిహద్దు, ఇలాంటి ఒక గుంట మీద ఆధారపడిన సందర్భాలున్నాయి.

గీసేటప్పుడు పొరలు వేరుగా ఉంచండి. ఖాయంగా కనిపించినవి ఒక పొర, అనుమానమున్నవి ఇంకో పొర, పగుళ్ళు, పెచ్చులు మూడో పొర. ఫొటోను అడుగున పెట్టి గీసినప్పుడు, చివర్లో ఫొటో తీసేసి మీ గీతలు మాత్రమే చూడండి. మీరు ఎక్కడ ఊహించారో బయటపడుతుంది. పాఠం టైపు చేసేటప్పుడు 1931లో లైడెన్‌లో కుదిరిన గుర్తులు ఇప్పటికీ చాలామంది వాడతారు: రాయి పోయినచోట మీరు పూరించినది చతురస్రపు బ్రాకెట్లలో, కొంచెమే కనిపించిన అక్షరం కింద చుక్క. వీలైతే మీ పాఠం చూపకుండా, అదే ఫైళ్ళు ఇచ్చి ఇంకొకరి చేత చదివించండి. ఇద్దరి పాఠాలు ఎక్కడ వేరుపడ్డాయో అక్కడికి మళ్ళీ వెళ్ళండి, రాయి దగ్గరికైనా సరే.

ఖాళీగా కనిపించిన చోటును కూడా వదలకండి. రోమ్‌లోని చక్రవర్తి సెప్టిమియస్ సెవెరస్ తోరణం మీద, చంపబడిన ఆయన చిన్న కొడుకు గెటా పేరు తీసేసి దాని చోట వేరే పొగడ్త చెక్కించారు. కానీ పాత కంచు అక్షరాలను బిగించిన రంధ్రాలు మిగిలిపోయాయి, వాటిని బట్టే అసలు పాఠం తెలిసింది. చుట్టుపక్కల కన్నా కాస్త పల్లంగా, నున్నగా ఉన్న చోటు లోతు చిత్రంలో కనిపిస్తే, అక్కడ ఏదో చెరిపేశారని అనుమానించండి.

బొమ్మల విషయంలో

శిల్పానికి ఇవే పద్ధతులు. అయితే ఇక్కడ ప్రమాదం వేరు. మనకు బొమ్మ కనిపించేలోపే పేరు తోస్తుంది, పేరు తోచాక ఆ పేరుకు తగిన వస్తువులే చేతుల్లో కనిపిస్తాయి. కళాచరిత్రకారుడు ఎర్విన్ పనోఫ్‌స్కీ బొమ్మను చదవడంలో మొదటి మెట్టు ఉన్నది ఉన్నట్టు వర్ణించడం, పేరు పెట్టడం రెండో మెట్టు అన్నాడు. ఈ క్రమం తప్పకండి. ‘త్రిశూలం’ అని రాయకండి. ‘కుడి పైచేతిలో పొడవాటి కర్ర, పై కొస విరిగింది, విరిగినచోట వెడల్పు ఇంత’ అని రాయండి. త్రీడీ నమూనా నుంచి ఆ కొలత తీసి, కొస చెక్కుచెదరని సాటి విగ్రహాలతో పోల్చాక పేరు చెప్పండి.

అరిగిన ముఖం, చేతివేళ్ళ ముద్ర, మెడలో హారం, పాదాల దగ్గర చిన్న జంతువు, ఇవి ఎదురుగా తీసిన ఒక్క ఫొటోలో ఎప్పుడూ తేలవు. ఒక్కోదానికి వేరేగా ఆర్‌టీఐ తీయండి. బొమ్మ మొత్తానికి ఫొటోగ్రామెట్రీ చాలు.

ఎంత తెలిసిన రాయైనా ఇలా చూస్తే కొత్తది చూపగలదు. ఇంగ్లండ్‌లోని ప్రాచీన రాతివలయం స్టోన్‌హెంజ్ రాళ్ళను శతాబ్దాలుగా లెక్కలేనంతమంది చూశారు. 1953లో రిచర్డ్ అట్కిన్సన్ ఒక రాతి మీద బాకు, గొడ్డలి బొమ్మలు గమనించేదాకా అవి ఎవరి కంటా పడలేదు. 2011లో రాళ్ళన్నిటినీ లేజర్‌తో స్కాన్ చేసి పరిశీలిస్తే, అంతదాకా తెలియని 71 గొడ్డలి బొమ్మలు దొరికాయి. మొత్తం 115 అయ్యాయి. వాటిలో చాలావరకు కంటితో చూస్తే ఇప్పటికీ కనిపించవు.

దాచడం

రా ఫైళ్ళు ఎప్పటికీ తీసేయకండి. తయారైన ఆర్‌టీఐ, త్రీడీ ఫైళ్ళ ఫార్మాట్లు మారతాయి, సాఫ్ట్‌వేర్లు మూలపడతాయి. రా ఫొటోలుంటే కొత్త సాఫ్ట్‌వేర్‌తో మళ్ళీ కట్టుకోవచ్చు. మూడు కాపీలు ఉంచండి, ఒకటి వేరే ఊళ్ళో. తేదీ, రాయి ఉన్న చోటు, కెమెరా, లెన్సు, దూరం, వెలుగు స్థానాలు, స్కేలు పొడవు, ఎవరు తీశారు, ఇవన్నీ మామూలు టెక్స్ట్ ఫైలులో రాసి అదే ఫోల్డరులో పెట్టండి. పాఠాన్ని పది మందికీ పనికొచ్చేలా పెట్టాలనుకుంటే శాసనాల కోసం ఎపిడాక్ అనే, టెక్స్టుకు గుర్తులు తగిలించే ఎక్స్‌ఎంఎల్ పద్ధతి ఉంది, నేర్చుకోవడానికి కొన్ని రోజులు చాలు.

మేషా శాసనం సంగతి మళ్ళీ వస్తుందన్నాను. దాని 31వ పంక్తిలో సగం చెరిగిన మాటలను కొందరు ‘దావీదు వంశం’ అని చదివారు. 2019లో ముగ్గురు పండితులు కొత్త ఫొటోలు పరిశీలించి, అక్కడున్నది బాలాక్ అనే రాజు పేరు కావచ్చన్నారు. 2022లో ఇంకో ఇద్దరు ఆర్‌టీఐ చిత్రాలు ముందుపెట్టి పాత పాఠమే సరైనదని వాదించారు. దాన్ని ఒప్పుకోనివారు ఇప్పటికీ ఉన్నారు. ఈ వాదన ఇంత నికరంగా సాగుతోందంటే, అందరూ ఒకే రాతి ఒకే చోటును వెలుగు మార్చి మార్చి చూసుకోగలుగుతున్నారు కాబట్టి.

కాబట్టి ఫోల్డరు సిద్ధమయ్యాక ఒక పరీక్ష పెట్టండి. ఆ రాయిని ఎన్నడూ చూడని స్నేహితురాలికో స్నేహితుడికో దాన్ని పంపండి. ‘మూడో పంక్తి ఐదో అక్షరం ఏ ఫొటోల్లో ఉంది, ఆ ఫొటోల్లో వెలుగు ఎటు నుంచి పడింది, నేను ఏ గీతలను అనుమానం అన్నాను?’ అని అడగండి. మీకు ఫోన్ చేయకుండా వాళ్ళు జవాబు చెప్పలేకపోతే, జ్ఞాపకం తాజాగా ఉండగానే ఆ టెక్స్ట్ ఫైలును ఆ రోజే తిరగరాయండి.